ఆరు వందల డాలర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

అమెరికా కార్మిక శాఖ ప్రతి గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు ఒక అంకె బయటపెడుతుంది. కిందటి వారం దేశం మొత్తమ్మీద ఎంతమంది కొత్తగా నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకున్నారన్నదే ఆ అంకె. మామూలు రోజుల్లో షేర్ మార్కెట్ వాళ్లు తప్ప దాని మొహం చూసేవాళ్లుండరు. 2020 మార్చి 19న అది 2.8 లక్షల పైచిలుకు. వారం తిరిగేసరికి, మార్చి 26న, 32.83 లక్షలు. ఏప్రిల్ 2న 66.48 లక్షలు. అప్పటిదాకా ఉన్న రికార్డు 1982 అక్టోబరు నాటి 6.95 లక్షలే. రెండే రెండు వారాల్లో కోటికి కాస్త తక్కువగా జనం భృతి కోసం వచ్చి పడ్డారు. ఫిబ్రవరిలో 3.5 శాతం ఉన్న నిరుద్యోగ రేటు ఏప్రిల్‌కల్లా 14.7 శాతానికి చేరింది.

ఆ జనానికి ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము మీద వాదనలు ఇప్పటికీ తెగలేదు. డబ్బిచ్చి జనాన్ని సోమరుల్ని చేశారని కొందరు, ఆ డబ్బే లేకపోతే దేశం రోడ్డున పడేదని కొందరు. రెండు పక్షాలూ ఒక సంగతి మాత్రం నమ్ముతాయి: ఎంత ఇవ్వాలో, ఎన్నాళ్లు ఇవ్వాలో ఎవరో కూర్చుని ఆలోచించి తేల్చారని. లెక్కలు విప్పి చూస్తే అలా కనబడదు. ఎంత అన్నది చాలావరకు పాత కంప్యూటర్ల చేతిలోకి, ఎన్నాళ్లు అన్నది క్యాలెండర్ చేతిలోకి వెళ్లిపోయింది.

ఒక దేశం, 53 పథకాలు

అమెరికాలో నిరుద్యోగ భృతి అనేది ఒక్క పథకం కాదు. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం చట్రం మాత్రమే ఇచ్చింది. లోపలి నిబంధనలు ఎవరికి వారే రాసుకున్నారు. యాభై రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికో, వర్జిన్ ఐలాండ్స్ కలిపి 53 పథకాలు. చాలా రాష్ట్రాల్లో 26 వారాల పాటు భృతి వస్తుంది. కరోనా వచ్చేనాటికి ఫ్లోరిడాలో 12 వారాలే, అదీ వారానికి 275 డాలర్లకు మించకుండా. మిసిసిపీలో గరిష్ఠం 235 డాలర్లు. అదే మసాచుసెట్స్‌లో 823. ఒకే కంపెనీలో ఒకే పని చేసే ఇద్దరికి ఒకే రోజు ఉద్యోగం పోయినా, ఎవరు ఏ రాష్ట్రంలో పనిచేస్తున్నారన్నదాన్ని బట్టి చేతికొచ్చే డబ్బు మూడింతలు తేడా రావచ్చు.

ఈ డబ్బు ఉద్యోగి దాచుకున్నది కాదు. మూడు రాష్ట్రాలు మినహా ఎక్కడా అతని జీతంలోంచి దీనికోసం కోయరు. యజమాని కట్టే పన్నుతో రాష్ట్రాలు నిధి నడుపుతాయి. దానికి తోడు ఫెడరల్ పన్ను ఒకటుంది. ఒక్కో ఉద్యోగికి ఏటా మొదటి 7,000 డాలర్ల జీతం మీద 6 శాతం. రాష్ట్రానికి సక్రమంగా కట్టేవాళ్లకు అందులో 5.4 శాతం మినహాయింపు. చివరికి తేలేది ఒక్కో ఉద్యోగికి ఏడాదికి 42 డాలర్లు. ఆ 7,000 డాలర్ల పరిమితి 1983లో పెట్టినది, అక్కడి నుంచి కదల్లేదు. రాష్ట్రాల భృతి కార్యాలయాలు నడిచే ఖర్చు కూడా ఈ పన్ను లోంచే రావాలి. నలభై ఏళ్లుగా పెరగని పన్నుతో నడిచే ఆఫీసులో ఎలాంటి కంప్యూటర్లు ఉంటాయో ఊహించుకోవచ్చు.

రాత్రికి రాత్రి పుట్టిన అంకె

2020 మార్చి 27న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన కేర్స్ చట్టం విలువ దాదాపు 2.2 లక్షల కోట్ల డాలర్లు. సెనేట్‌లో 96–0 ఓట్లతో నెగ్గింది. అందులో భృతికి సంబంధించిన ముక్కలు ప్రధానంగా మూడు. రాష్ట్రం ఇచ్చే భృతికి పైన వారానికి 600 డాలర్లు అదనం, జులై ఆఖరు వరకు. రాష్ట్రం ఇచ్చే వారాలు అయిపోయినవాళ్లకు మరో 13 వారాలు. మామూలుగా భృతికి అర్హతే లేని స్వయం ఉపాధి వాళ్లకు, ఉబర్ డ్రైవర్ల లాంటి గిగ్ పనివాళ్లకు కొత్త పథకం, 39 వారాల దాకా.

మరి 600 ఎందుకు? 500 ఎందుకు కాదు? అప్పటికి దేశంలో సగటు వారపు జీతం 970 డాలర్ల పరిసరాల్లో ఉంది. సగటు భృతి 370 పైచిలుకు. తేడా సుమారు 600. ఉద్యోగం పోయిన మనిషికి పూర్తి జీతం అందాలన్నది ఉద్దేశం కాబట్టి ఆ తేడా కలిపేశారు. నిజానికి చేయాల్సింది ఒక్కొక్కరి జీతం చూసి, ఆ జీతానికి సరిపడా ఇవ్వడం. కాంగ్రెస్ వాళ్లకు ఆ సంగతి తెలియక కాదు. రాష్ట్రాల కంప్యూటర్లు ఆ లెక్క కట్టలేవని, కట్టేలా మార్చాలంటే నెలలు పడుతుందని అప్పటి కార్మిక మంత్రి యూజీన్ స్కాలియా తేల్చి చెప్పారు. అందరికీ ఒకే మొత్తం కలపడమైతే పాత ప్రోగ్రాముకూ చేతనవుతుంది.

ఆ ప్రోగ్రాములు ఎంత పాతవంటే, ఏప్రిల్ మొదట్లో న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ విలేకరుల సమావేశంలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు స్వచ్ఛందంగా ముందుకు రావాలని అడగాల్సి వచ్చింది. వై2కే రోజుల్లో అదే కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కిన తెలుగువాళ్లు న్యూజెర్సీలో తక్కువేం కాదు. ఇరవై ఏళ్ల కిందట వదిలేసిన విద్యకు మళ్లీ పిలుపు వస్తుందని వాళ్లలో ఎవరూ అనుకుని ఉండరు.

సగటు మీద కట్టిన లెక్క సగటు మనిషికే సరిపోతుంది. ఫ్లోరిడానే తీసుకుందాం. అక్కడి సూత్రం ప్రకారం, ఏడాదిలో ఎక్కువ సంపాదించిన మూడు నెలల జీతాన్ని 26తో భాగిస్తే వారపు భృతి వస్తుంది, 275 దాటకూడదు. వారానికి 400 డాలర్లు సంపాదించే హోటల్ వెయిటర్‌కు ఆ మూడు నెలల జీతం 5,200. భృతి 200. దానికి 600 కలిస్తే 800. అంటే పనిచేసినప్పటి జీతానికి సరిగ్గా రెట్టింపు. వారానికి 2,000 డాలర్లు తెచ్చుకునే ఇంజినీరుకు సూత్రం ప్రకారం 1,000 రావాలి, కానీ పరిమితి అడ్డొచ్చి 275 దగ్గర ఆగుతుంది. 600 కలిపితే 875. పాత జీతంలో 44 శాతం. అదే ఇంజినీరు మసాచుసెట్స్‌లో ఉంటే 1,423 డాలర్లు, 71 శాతం.

వెయిటర్ లాంటివాళ్లు ఎంతమందన్నది షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు పీటర్ గానాంగ్, పాస్కల్ నోయెల్, జోసెఫ్ వావ్రా 2020 మే నెలలో లెక్కగట్టారు. భృతికి అర్హులైనవాళ్లలో 68 శాతం మందికి పాత జీతం కన్నా ఎక్కువ వస్తోందని తేల్చారు. వరుసలో నడిమధ్య నిలబడే మనిషికి జీతంలో 134 శాతం. ఈ చిక్కు ఓటింగ్ నాటికే కొందరికి కనబడింది. భృతి పాత జీతాన్ని మించకూడదంటూ రిపబ్లికన్ సెనేటర్ బెన్ సాస్ తెచ్చిన సవరణ 48–48తో వీగిపోయింది. ఆ సవరణ న్యాయమైనదే కావచ్చు. అమలు చేసే యంత్రం మాత్రం ఏ రాష్ట్రం దగ్గరా లేదు.

ఇక్కడ సోమరితనం వాదన చేసేవాళ్లు ఒక విషయం మరిచిపోతారు. మామూలు రోజుల్లో భృతి తీసుకునే మనిషి వారం వారం ఉద్యోగం వెతుకుతున్నట్టు చూపించాలి. 2020 మార్చి 18న వచ్చిన చట్టం ఆ నిబంధనను సడలించుకునే వీలు రాష్ట్రాలకు కల్పించింది. బయట తిరగకండి, ఇంట్లోనే ఉండండి అన్నది అప్పటి ప్రభుత్వ ఆదేశం. వెయిటర్ హోటలుకు వెళ్లకుండా ఇంట్లో కూర్చోవడం ఆ నెలల్లో తప్పించుకు తిరగడం కాదు, చెప్పిన మాట వినడం. ఆ వారాల్లో భృతి పాత్ర సగం ఆర్థిక సాయం, సగం క్వారంటైన్ ఖర్చు. పని మానినందుకు డబ్బిచ్చారన్న ఫిర్యాదు 2021 వేసవి గురించి చేస్తే వినొచ్చు. 2020 ఏప్రిల్ గురించి చేస్తే అర్థం లేదు.

జాబితాలో లేనివాళ్లు, ఉండకూడనివాళ్లు

గిగ్ పనివాళ్లకోసం పెట్టిన కొత్త పథకంలో ఇంకో రకం ఇబ్బంది. వాళ్ల జీతాల వివరాలు ఏ రాష్ట్రం దగ్గరా లేవు, ఎందుకంటే వాళ్ల తరఫున ఎవరూ పన్ను కట్టలేదు. బడి మూసేయడంతో పిల్లల్ని చూసుకోవాల్సి వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా వైరస్ సోకిందా, పనిచేసే చోటు మూతపడిందా అన్నవన్నీ దరఖాస్తుదారు స్వయంగా రాసిచ్చే మాట మీదే నమ్మాలి. మొదటి తొమ్మిది నెలలూ గతంలో పని చేసినట్టు రుజువు కూడా అడగలేదు. 2020 డిసెంబరు చట్టంతోనే ఆ షరతు వచ్చింది.

దొంగలు దాన్ని పసిగట్టడానికి రెండు నెలలు చాలాయి. దొంగిలించిన సోషల్ సెక్యూరిటీ నంబర్లతో మే నాటికే వాషింగ్టన్ రాష్ట్ర ఖజానా నుంచి సుమారు 65 కోట్ల డాలర్లు లాగేశారు. సగానికి పైగా తర్వాత వెనక్కి వచ్చింది. దేశం మొత్తమ్మీద ఎంత పోయిందన్న దానికి అమెరికా కాగ్ లాంటి సంస్థ జీఏఓ 2023లో అంచనా ఇచ్చింది: 10,000 కోట్ల నుంచి 13,500 కోట్ల డాలర్ల మధ్య. కరోనా కాలంలో చెల్లించిన మొత్తం భృతి దాదాపు 90,000 కోట్ల డాలర్లు కాబట్టి, ఇది 11 నుంచి 15 శాతం. వంద డాలర్లలో పదకొండు పోవడం చిన్న విషయమని ఎవరూ అనరు. కానీ తనిఖీ పూర్తయ్యాకే డబ్బివ్వాలని కూర్చుంటే మిగతా ఎనభై తొమ్మిది డాలర్లు అద్దె కట్టాల్సిన రోజుకు అందేవి కావు. నిబంధనలు సడలించినవాళ్లు ఈ బేరం తెలిసే చేశారు. తప్పు సడలింపులో కన్నా, డిసెంబరు దాకా దాన్ని సరిదిద్దకపోవడంలో ఎక్కువగా ఉంది.

అర్హత ప్రశ్నలో అమెరికాలోని తెలుగువాళ్లకు సంబంధించిన మెలిక ఒకటుంది. హెచ్-1బీ వీసా మీద పనిచేసే ఉద్యోగి జీతం మీద కూడా కంపెనీ నిరుద్యోగ పన్ను కడుతుంది. కానీ లేఆఫ్ అయ్యాక భృతి దొరకడం కష్టం. ప్రతి రాష్ట్రమూ పెట్టే షరతు, మనిషి పనికి సిద్ధంగా, అందుబాటులో ఉండాలని. హెచ్-1బీ అనుమతి ఒక్క యజమానికే ముడిపడి ఉంటుంది. ఆ యజమాని తీసేశాక, కొత్త కంపెనీ పిటిషన్ వేసేదాకా చట్టరీత్యా ఎక్కడా పనికి చేరలేడు కాబట్టి, అందుబాటులో లేడని చాలా రాష్ట్రాలు తేల్చేస్తాయి. పైగా 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం అతనికి ఉన్న గడువు గరిష్ఠంగా 60 రోజులు. పక్క సీటులో కూర్చున్న అమెరికన్‌కు 26 వారాల భృతి, అంటే 182 రోజులు. ఇద్దరి పేరు మీదా కట్టిన పన్ను ఒకటే.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, ఎవరి దగ్గరైనా పనిచేసుకునే ఈఏడీ కార్డున్న హెచ్-4 వీసా మీదున్న జీవిత భాగస్వాములకు ఈ అడ్డంకి లేదు. అయినా గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న చాలామందిని ఒక భయం వెనక్కి లాగింది. ప్రభుత్వం మీద ఆధారపడేవాళ్లకు గ్రీన్‌కార్డు నిరాకరించే పబ్లిక్ చార్జ్ నిబంధనను సరిగ్గా 2020 ఫిబ్రవరి 24 నుంచే కఠినం చేశారు. నిరుద్యోగ భృతి ఆ నిబంధన కిందికి రాదు, అది సంపాదించుకున్న హక్కుగానే లెక్క అని ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగానే చెప్పింది.

క్యాలెండర్ పాలన

600 డాలర్లకు గడువు 2020 జులై 31. వారం శనివారంతో ముగుస్తుంది కాబట్టి ఆచరణలో జులై 25తోనే చెల్లింపులు ఆగిపోయాయి. ఆ నెల నిరుద్యోగ రేటు 10.2 శాతం, కరోనా రెండో విడత దక్షిణాది రాష్ట్రాలను ఊపేస్తోంది. గడువు పెట్టిన మార్చి నెలలో మాత్రం జులైకల్లా అంతా సర్దుకుంటుందని అందరి అంచనా.

గడువుకు నెల ముందు, జులై 1న, సెనేటర్లు రాన్ వైడెన్, చక్ షూమర్ ఒక బిల్లు ప్రతిపాదించారు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో తెలివైన ఆలోచన అదొక్కటే. రాష్ట్రంలో నిరుద్యోగ రేటు 11 శాతం పైన ఉన్నంతకాలం 600 కొనసాగాలి. రేటు ఒక్కో శాతం తగ్గినప్పుడల్లా వంద డాలర్ల చొప్పున తగ్గాలి. 6 శాతం కిందికి దిగితే ఆగిపోవాలి. తేదీ ఊసే లేదు. ఆ బిల్లు నెగ్గలేదు. ఖర్చు ఎంతవుతుందో ముందే చెప్పలేని చట్టానికి ఓటు వేయడం రాజకీయ నాయకులకు ఎప్పుడూ కష్టమే. తేదీ పెట్టేస్తే ఖర్చు తెలుస్తుంది, పైగా తర్వాతి బేరసారాలకు ఒక ఆయుధం చేతిలో ఉంటుంది.

ఆ తర్వాత నడిచిందంతా అతుకుల బొంత. ఆగస్టు 8న ట్రంప్ ఉత్తర్వుతో తుపాన్లకూ వరదలకూ ఉంచిన విపత్తు నిధి నుంచి 4,400 కోట్ల డాలర్లు మళ్లించి వారానికి 300 చొప్పున ఆరు వారాలిచ్చారు. రాష్ట్రం ఇచ్చే భృతి వారానికి కనీసం వంద డాలర్లు ఉంటేనే ఇది వర్తిస్తుందన్నారు. అంటే అందరికన్నా తక్కువ జీతాలవాళ్లే బయట మిగిలారు. సౌత్ డకోటా మాకు అక్కర్లేదంది. మిగతా రాష్ట్రాలు దీనికోసం మళ్లీ ప్రోగ్రాములు రాసుకుని, చాలా చోట్ల సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో డబ్బు వేశాయి. డిసెంబరు 26న అదనపు వారాలూ, గిగ్ పనివాళ్ల పథకమూ ముగిశాయి. మర్నాడు ఆదివారం ట్రంప్ కొత్త చట్టం మీద సంతకం పెట్టారు: 300 డాలర్లు, 2021 మార్చి 14 దాకా. ఆ గడువుకు మూడు రోజుల ముందు, మార్చి 11న, అధ్యక్షుడు బైడెన్ ఇంకో చట్టంతో సెప్టెంబరు 6 దాకా పొడిగించారు. 13తో మొదలైన అదనపు వారాలు 24 అయి చివరికి 53కి చేరాయి. గిగ్ పనివాళ్లకు 39 వారాలు 50 అయి, ఆ తర్వాత 79. నిరుద్యోగం ఎక్కువున్న రాష్ట్రాల్లో 86.

ఆదాయాన్ని బట్టి చూస్తే 300 డాలర్ల లెక్క 600 అంత వింతగా ఉండదు. మన ఫ్లోరిడా వెయిటర్‌కు 200కు 300 కలిపి 500, అంటే పాత జీతానికి పాతిక శాతం ఎక్కువ. ఇంజినీరుకు 575, మూడో వంతు కూడా కాదు. అమెరికాలో భృతి మీద ఆదాయ పన్ను కూడా పడుతుంది. 2020లో పన్ను కోయకుండా తీసుకున్న చాలామందికి 2021లో రిటర్నులు వేసేటప్పుడు గుండె గుభేలుమంది. ఆ ఏడాది మార్చి చట్టంలో, లక్షన్నర డాలర్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు మొదటి 10,200 డాలర్ల భృతిని పన్ను నుంచి మినహాయించారు. అప్పటికే రిటర్నులు వేసేసినవాళ్లు లక్షల్లో ఉన్నారు.

ముందే ఆపితే ఏమైంది

2021 వేసవిలో హోటళ్లకు, దుకాణాలకు పనివాళ్లు దొరకడం లేదన్న గోల మొదలైంది. సెప్టెంబరు దాకా ఆగకుండా పాతిక పైచిలుకు రాష్ట్రాలు అదనపు భృతిని ముందే ఆపేశాయి. దాదాపు అన్నీ రిపబ్లికన్ గవర్నర్ల రాష్ట్రాలే. అలాస్కా, అయోవా, మిసిసిపీ, మిస్సోరీ జూన్ 12నే తలుపులు మూశాయి. ఇండియానా, మేరీలాండ్‌లలో కోర్టులు అడ్డుకున్నాయి. ఆర్థికవేత్తలకు ఇది కోరి చేసినా దొరకని ప్రయోగం. ఒకే దేశం, ఒకే కాలం, సగం రాష్ట్రాల్లో భృతి ఉంది, సగంలో లేదు.

ఆర్థికవేత్త అరింద్రజిత్ దూబే తదితరులు తక్కువ ఆదాయాలవాళ్లు వాడే ఒక ఆర్థిక యాప్ ద్వారా బ్యాంకు ఖాతాల కదలికలు చూశారు. ముందే ఆపిన రాష్ట్రాల్లో భృతి పోగొట్టుకున్న ప్రతి ఎనిమిది మందిలో ఆగస్టు మొదటికల్లా ఉద్యోగం దొరికింది ఒక్కరికి. సగటున మనిషికి వారానికి 278 డాలర్ల భృతి తగ్గింది. జీతం రూపంలో పెరిగింది 14 డాలర్లు. ఖర్చు పెట్టేది 145 డాలర్లు తగ్గింది. సోమరితనం వాదన పూర్తిగా అబద్ధమని ఈ అధ్యయనం అనలేదు. ఒకరు వెళ్లారు కదా. కానీ ఆ ఒకరి కోసం మిగతా ఏడుగురి చేతిలో డబ్బు తీసేశారు. ఆ డబ్బు ఖర్చయ్యేది పనివాళ్లు లేరని మొత్తుకున్న అదే దుకాణాల్లో.

ఆ ఏడాది సెప్టెంబరు 6 అమెరికాలో కార్మిక దినోత్సవ సెలవు. ఆ రోజుతో అన్ని పథకాలూ ఒకేసారి ముగిశాయి. సెంచురీ ఫౌండేషన్ అంచనా ప్రకారం దాదాపు 75 లక్షల మందికి భృతి పూర్తిగా ఆగిపోయింది. నిరుద్యోగ రేటు అప్పటికి 5 శాతం దరిదాపుల్లో ఉంది. వైడెన్ లెక్కలో చూసినా ఆపాల్సిన సమయమే. డెల్టా రకం వల్ల కొత్త కేసులు రోజుకు లక్షన్నర దాకా ఉన్నాయన్నది ఇంకో సంగతి. ఆ తేదీ ఎంచుకున్న మార్చి నెలలో డెల్టా పేరు కూడా పెట్టలేదు. మొత్తానికి ఈ భృతి లేకపోతే 2020లో మరో 55 లక్షల మంది పేదరిక రేఖ కిందికి జారేవారని అమెరికా జనగణన శాఖ లెక్క. ఆ రక్షణ శాశ్వతం కాలేదు. అయోవా 2022లో 26 వారాల భృతిని 16కు కుదించింది. కెంటకీ 2023 నుంచి 12కీ 24కీ మధ్యకు దించింది. నిధి ఖాళీ అయి ఫెడరల్ ప్రభుత్వం దగ్గర దాదాపు 2,000 కోట్ల డాలర్లు అప్పు పడ్డ కాలిఫోర్నియాలో యజమానులు ఒక్కో ఉద్యోగికి కట్టే పన్ను ఏటా 21 డాలర్ల చొప్పున పెరుగుతూ పోయింది.

మన దగ్గర ఈఎస్‌ఐ లెక్క

2020 ఏప్రిల్ ఒక్క నెలలో మన దేశంలో 12 కోట్లకు పైగా ఉపాధి పోయిందని సీఎంఐఈ అనే పరిశోధన సంస్థ అంచనా. అమెరికా తరహా నిరుద్యోగ బీమా మనకు లేదనుకుంటాం గానీ, చిన్న రూపంలో ఉంది. ఈఎస్‌ఐ కార్డున్నవాళ్లకు 2018 జులై 1న అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన మొదలైంది. ఉద్యోగం పోతే సగటు రోజు సంపాదనలో పావు వంతు, జీవితంలో ఒకేసారి, 90 రోజులకు మించకుండా. కరోనా వచ్చాక, 2020 ఆగస్టులో ఈఎస్‌ఐ కార్పొరేషన్ దాన్ని సగానికి పెంచింది, మార్చి 24 నుంచి పోయిన ఉద్యోగాలకు వర్తించేలా. ఉద్యోగం పోయిన 90 రోజులకు గాని దొరకని డబ్బును 30 రోజులకే ఇస్తామన్నారు. అన్నిటికన్నా పనికొచ్చిన మార్పు, పాత యజమాని సంతకం కోసం తిరక్కుండా కార్మికుడే నేరుగా బ్రాంచి ఆఫీసులో దరఖాస్తు చేసుకోవచ్చనడం. మూతపడ్డ కంపెనీ గేటు దగ్గర సంతకం ఎవరు పెడతారు?

నెలకు 15,000 రూపాయల జీతం తీసుకునే పటాన్‌చెరు ఫ్యాక్టరీ కార్మికుణ్ని ఊహించుకోండి. ఈఎస్‌ఐకి అతని వాటా 0.75 శాతం, 112 రూపాయల 50 పైసలు. యజమాని వాటా 3.25 శాతం, 487 రూపాయల 50 పైసలు. కలిపితే నెలకు సరిగ్గా 600. ఇక్కడా అదే అంకె రావడం కాకతాళీయమే. రోజు సంపాదన సుమారు 500 అనుకుంటే పాత నిబంధన ప్రకారం 90 రోజులకు 11,250 రూపాయలు, పెంచాక 22,500. అప్పటి మారకం రేటులో అమెరికా వెయిటర్‌కు అదనంగా కలిపిన 600 డాలర్లు సుమారు 45,000 రూపాయలు. అదీ వారానికి. రెండు దేశాల జీతాల తేడా తెలిసిందే కాబట్టి ఆ పోలికను సాగదీయనక్కర్లేదు. జీతంలో ఎన్నో వంతు, ఎన్ని రోజులు అన్నవే పోల్చదగినవి. మనది సగం జీతం, మూడు నెలలు.

అర్హత దగ్గరే అసలు వడపోత. జీతం నెలకు 21,000 దాటితే ఈఎస్‌ఐలోనే ఉండరు. ఉన్నవాళ్లు కనీసం రెండేళ్లు బీమా కింద పనిచేసి ఉండాలి. ఉద్యోగం పోవడానికి ముందున్న ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా జమ కావాలి. ఆ రెండేళ్లలోని మిగతా మూడు చందా కాలాల్లో కనీసం ఒకదాంట్లో మరో 78 రోజులు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా చందా తెగిపోయే కార్మికుడు ఈ గీత దాటడం తేలిక కాదు. ఇక పీఎఫ్ నుంచి మూడు నెలల జీతం గానీ, ఖాతాలో 75 శాతం గానీ, ఏది తక్కువైతే అది తీసుకోవచ్చని 2020 మార్చి 28న ఇచ్చిన వెసులుబాటును చాలామంది వాడుకున్నారు. అది భృతి కాదు, ముసలితనానికి దాచుకున్న సొంత సొమ్ము.

ఈ రెండు పుస్తకాల్లోనూ పేరు లేనివాళ్లకు రాష్ట్రాలు తోచిన రీతిలో ఇచ్చాయి. తెలంగాణలో 2020 ఏప్రిల్‌లో ఆహార భద్రత కార్డున్న కుటుంబానికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం. ఆంధ్రప్రదేశ్‌లో పేద కుటుంబానికి 1,000 రూపాయలు. భృతికి దగ్గరగా వచ్చింది 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రకటించినదే. రెండో విడత కరోనాలో బడులు మూతపడి జీతాలు ఆగిపోయిన ప్రైవేటు టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం. గుర్తింపు ఉన్న బడుల్లో పనిచేస్తేనే. లక్షకు పైగా మంది లబ్ధిదారులున్నారు. ట్యూషన్లు చెప్పుకునేవాళ్లకు, గుర్తింపు లేని బడుల ఆయాలకు అది రాలేదు. వాళ్లను పట్టుకోవాలంటే అమెరికా గిగ్ పథకంలా చెప్పిన మాట నమ్మి ఇవ్వాలి, దాంతో వచ్చే మోసాన్నీ భరించాలి.

కరోనా కోసం పెంచిన ఈఎస్‌ఐ భృతి గడువు మొదట 2020 డిసెంబరు 31. దాన్ని 2021 జూన్‌కు, అక్కడి నుంచి 2022 జూన్‌కు, ఆ తర్వాత ఇంకా ముందుకు జరుపుతూ వచ్చారు. జీవితంలో 90 రోజులన్న షరతు మాత్రం మారలేదు. 2020లో ఆ 90 రోజులూ వాడేసుకున్న కార్మికుడికి మళ్లీ ఎప్పుడు ఉద్యోగం పోయినా, మధ్యలో ఎన్నేళ్లు చందా కట్టి ఉన్నా, ఈ పథకం కింద ఇంకో రూపాయి రాదు.